సియోల్ సోకు... మన బీరువాలోనే!

1992లో దక్షిణ కొరియా టీవీలో ముగ్గురు కుర్రాళ్లు కొత్త తరహా పాటతో ప్రత్యక్షమయ్యారు. వాళ్ల బృందం పేరు 'సియో తైజీ అండ్ బాయ్స్'. వదులు ప్యాంట్లు, పెద్ద పెద్ద చొక్కాలు, నెత్తిన టోపీలు. విచిత్రం ఏమిటంటే, కొట్లో తగిలించిన చీటీలు వాటికి అలాగే వేలాడుతున్నాయి! తీయడం మరిచిపోయి కాదు... కావాలనే ఉంచుకున్నారు. అది చూసి అక్కడి కుర్రకారు కూడా చీటీలు కత్తిరించడం మానేసింది. ఇవాళ ప్రపంచమంతా కె-పాప్ అని పిలుచుకుంటున్న సంగీతానికి ఆద్యుల్లో వాళ్లని లెక్కపెడతారు. మరి ఆ సోకుకి అయిన అదనపు ఖర్చు ఎంత? ఒక్క పైసా కూడా లేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే... మన ఇళ్లల్లో ఈమధ్య ఒక కొత్త పేచీ మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్ల నుంచి ఇంజినీరింగ్ కుర్రాడి దాకా ఫోను ముందుకు తోసి 'ఇలాంటిది కావాలి' అంటున్నారు. ఫొటోలో బీటీఎస్ కుర్రాడో, బ్లాక్‌పింక్ అమ్మాయో ఉంటారు. జేబుల ప్యాంటు, పొట్టి టాపు, దళసరి అడుగు బూట్లు, పైన ఓ కోటు... అన్నీ కలిపి లెక్కేసుకుని నాన్న 'వచ్చే నెల చూద్దాంలే' అంటాడు. ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదని పిల్లలకు తెలుసు. ఇంకేం, అలక మొదలు! పిల్లల ముచ్చటా తప్పు కాదు, నాన్న జేబూ అబద్ధం చెప్పదు. మరి దారేమిటి? ఆ దారి బీరువాలోనే ఉంది.

కిటుకంతా పొందికలోనే

కొరియాలో కొత్త పాట విడుదలైందంటే ఆ బృందానికి ఊపిరాడదు. గురువారం 'ఎం కౌంట్‌డౌన్', శుక్రవారం 'మ్యూజిక్ బ్యాంక్', ఆదివారం 'ఇన్‌కిగయో'... ఇలా ఒక టీవీ వేదిక తరవాత మరొకటి. పాట అదే, డాన్సు అదే. బట్టలు మాత్రం వేదికకో రకం. ఐదుగురుంటే ఐదు జతలు, తొమ్మిదిమంది ఉంటే తొమ్మిది జతలు. ఇవన్నీ చూసుకోవడానికి స్టైలిస్టులని ప్రత్యేకంగా మనుషులుంటారు. వాళ్లు చేసే పని ఏమిటి? ఉన్న చొక్కా చేతులు కత్తిరిస్తారు. ప్యాంటుకి గొలుసు తగిలిస్తారు. వదులైతే వెనక పిన్నులు పెట్టి బిగిస్తారు. ఒకరికి టై కడితే, పక్కవారికి అదే రంగు గుడ్డ తలకి చుడతారు. మనం చూసి ముచ్చటపడేది ఆ పొందికని. ఖరీదు ఫొటోలో కనబడదు కదా!

విమానాశ్రయం ఫొటోల సంగతీ చెప్పుకోవాలి. 'ఎయిర్‌పోర్టు ఫ్యాషన్' అని కొరియాలో అదో వేడుక. తారలు ఇంచన్ విమానాశ్రయంలో నడిచి వెళ్తుంటే ఫొటోగ్రాఫర్లు బారులు తీరతారు. చూడ్డానికి ఇంట్లోంచి అలా లేచి వచ్చినట్టే ఉంటారు. కానీ ఆ బట్టలూ సంచుల్లో ప్రచారం కోసం కంపెనీలు ఇచ్చినవి బోలెడు. అంటే ఒకరకంగా అవి ఉద్యోగపు బట్టలు. ఉద్యోగపు బట్టలు పని చేయించుకునేవాళ్లు ఇస్తారు. వాటిని మనం సొంత డబ్బుతో ఎందుకు కొనాలి చెప్పండి?

ముందు ఫొటో చదవండి

నచ్చిన ఫొటో ఒకటి ఎంచుకోండి. ఏ కంపెనీ బట్ట అన్నది పక్కన పెట్టి, నాలుగే నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి... ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు? పైన వదులుగా ఉంటే కింద బిగువుగా ఉందా, లేక రెండూ వదులేనా? రెండు... నడుము గీత ఎక్కడుంది? కె-పాప్ బట్టల్లో చాలాసార్లు అది అసలు నడుము కన్నా పైన కనిపిస్తుంది. కాళ్లు పొడుగ్గా కనబడాలని చేసే ఏర్పాటది. మూడు... మొత్తం ఎన్ని రంగులు? లెక్కపెట్టి చూడండి, తరచూ రెండో మూడో ఉంటాయి. నాలుగు... 'ఇదేమిటీ, ఇక్కడ ఇదెందుకు?' అనిపించే వస్తువు ఏది? టై కావచ్చు, గొలుసు కావచ్చు, ఒక్క చేతికే ఉన్న గ్లౌజు కావచ్చు. కళ్లు ఆగేది అక్కడే.

ఈ జవాబులు కాగితం మీద రాసుకుని అప్పుడు బీరువా తలుపు తీయండి. 'ఫలానా బ్రాండు గులాబీరంగు కోటు' అని వెతికితే ఏ జన్మకీ దొరకదు. 'పైన వదులు, కింద బిగువు, రెండు రంగులు, ఒక గొలుసు' అని వెతికితే ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది.

ఇక ఒక్కో వేషమే చూద్దాం.

బడి టైకి మళ్లీ పని

కె-పాప్‌లో ఎన్నిసార్లు చూసినా పాతబడని వేషం యూనిఫాం. 2013లో ఎక్సో బృందం 'గ్రోల్' పాటని ఆ తరహా దుస్తుల్లోనే చేసింది. కొరియా యూనిఫాంకి ఓ కథ కూడా ఉంది. 1983లో అక్కడి బడుల్లో యూనిఫాం తీసేసి, పిల్లల్ని ఇష్టమైన బట్టలు వేసుకోమన్నారు. మూడేళ్లు తిరిగాయో లేదో, 1986 నుంచి కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చని బడులకే వదిలేశారు. అలా తిరిగొచ్చిన యూనిఫాం కోట్లు, టైలతో కొత్తగా ముస్తాబై వచ్చింది. పాటల్లోకి ఎక్కింది ఈ రకమే.

మన దగ్గర? టై, బెల్టు ఇవ్వని ప్రైవేటు బడి అరుదు. పదో తరగతి అయ్యాక ఆ టై ఏదో మూల పడి ఉంటుంది. తీయండి. నాన్న తెల్లచొక్కా తొడుక్కుని చేతులు రెండు మడతలు పైకి మడవండి. పై గుండీ వదిలేసి టైని వదులుగా కట్టండి. కుచ్చిళ్ల స్కర్టు ఉంటే సరే, లేకపోతే ముదురు నీలం ప్యాంటు చాలు. పైన తాతయ్య చేతుల్లేని స్వెటరు. చొక్కా అంచు స్వెటరు కింద నుంచి రెండంగుళాలు కనబడాలి. ఆ రెండంగుళాలు లేకపోతే చలికి వేసుకున్నట్టుంటుంది, ఉంటే సోకుగా ఉంటుంది. నల్ల బూట్లు, తెల్ల సాక్సు ఎటూ ఉన్నవే.

లెగ్గింగులకు మంచిరోజులు

2009 జనవరిలో తొమ్మిదిమంది అమ్మాయిల 'గర్ల్స్ జనరేషన్' పాడిన 'జీ' పాట కొరియాని ఊపేసింది. దాంతోపాటే రంగురంగుల బిగుతు జీన్సు మోజు ఊరంతా పాకింది. మన అమ్మాయిల దగ్గర ఆ రంగులన్నీ ఎప్పట్నుంచో ఉన్నాయి. కుర్తీకొకటి చొప్పున కొన్న లెగ్గింగులు లేవూ! చిలకాకుపచ్చ, వంకాయరంగు, నారింజ, రాణీ పింకు... పైన తెల్ల టీ-షర్టు వేస్తే సరి. లెగ్గింగు జీన్సంత దళసరిగా ఉండదు కాబట్టి, టీ-షర్టు తొడల దాకా దిగేది ఎంచుకుంటే నిండుగా ఉంటుంది. అన్నయ్యదైతే ఇంకా మంచిది. రంగు ఒక్క కాళ్ల దగ్గరే ఉండాలి. చెవులకీ, చేతులకీ, జుట్టుకీ అదే రంగు పూసేస్తే పాట మారిపోతుంది!

ట్రంకుపెట్టెలోని ఫ్యాషన్

వదులు బట్టల వేషం కె-పాప్‌కి పుట్టుమచ్చ లాంటిది. సియో తైజీ తరవాత 1996లో 'హెచ్.ఒ.టి.' బృందం 'క్యాండీ' పాటలో పిల్లల బొమ్మల్లా రంగురంగుల వదులు దుస్తులు, పెద్ద చేతితొడుగులు వేసుకొచ్చింది. 2022లో 'న్యూజీన్స్' అమ్మాయిలు వచ్చి, 2000 సంవత్సరం నాటి సోకుల్ని మళ్లీ వీధిలోకి తెచ్చారు. ఈ లెక్కన అమ్మానాన్నలు కాలేజీలో వేసుకున్నవే ఇప్పుడు కొత్త ఫ్యాషన్. అటక మీది ట్రంకుపెట్టె దింపండి. నాన్న పాత జీన్సు, బాబాయి క్రికెట్ ఆడిన టీ-షర్టు, అమ్మ డెనిం చొక్కా... ఏవి దొరికితే అవి.

ప్యాంటు నడుం దగ్గర జారిపోతుందా? కుట్టుమిషను అక్కర్లేదు. పాత గుండీకి రెండంగుళాలు ఇవతల ఇంకో గుండీ కుట్టుకోండి. ఇంకా వదులైతే లోపలివైపు ఎలాస్టిక్ ముక్క వేసి టాకాలు వేయండి. పొడుగెక్కువైతే కత్తిరించొద్దు, అడుగున మడిచి పైకి చుట్టండి. రేపు నాన్న మళ్లీ అడిగితే ఇచ్చేయొచ్చు. టీ-షర్టుని మొత్తం లోపలికి దోపకుండా ముందు భాగం మాత్రం దోపితే నడుము గీత పైకొస్తుంది. పాత హ్యాండుబ్యాగు గొలుసు ఉందా? బెల్టు కొక్కేనికి తగిలించండి. అయిపోయింది.

అబ్బాయిలూ, మీ కోసం ఇంకో దారి. 2020లో బీటీఎస్ 'డైనమైట్' పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అందులో వాళ్ల బట్టలు 1970ల డిస్కో రోజులవి... లేతరంగు సూట్లు. మన ఇళ్లల్లో పెదనాన్న పెళ్లినాటి సూటో, మావయ్య సఫారీయో కవరు తొడిగి వేలాడుతూనే ఉంటుంది. కోటు భుజాల దగ్గర సరిపోతే చాలు, తక్కినవన్నీ సర్దుకుంటాయి. అదీ లేదంటారా? ఒకే ఛాయలో ఉన్న చొక్కా, ప్యాంటు వెతకండి. లేతనీలం మీద లేతనీలం, గోధుమరంగు మీద గోధుమరంగు. నిలువునా ఒకే రంగు వేస్తే మనిషి అరంగుళం పొడుగైనట్టు ఉంటాడు.

పరికిణీకో కొరియా చెల్లెలు

2020 జూన్‌లో బ్లాక్‌పింక్ 'హౌ యు లైక్ దట్' పాటలో హన్‌బోక్‌ని కొత్తగా మలిచి వేసుకున్నాక, ఆ పేరు మన పిల్లల నోళ్లలోనూ పడింది. హన్‌బోక్ అంటే కొరియావాళ్ల సంప్రదాయ దుస్తులు. ఆడవాళ్లకి పైన 'జొగొరి' అనే పొట్టి పైవస్త్రం, కింద ఛాతీ దగ్గర కట్టే 'చిమ' అనే కుచ్చిళ్ల పావడా. జొగొరిని ముందువైపు ఒకదాని మీద ఒకటి వచ్చేలా కప్పి, పొడుగాటి పట్టీతో ముడివేస్తారు. ఆ ముడికి 'నొరిగె' అనే కుచ్చుల నగ వేలాడుతుంది.

వింటుంటే మన పరికిణీ, జడకుచ్చులు గుర్తురావడం లేదూ? అక్క పొడుగు పరికిణీని నడుముకి బదులు ఛాతీ దగ్గరికి ఎత్తి కట్టండి. పైన పొడుగు చేతుల పొట్టి టాపు ఒకటి గుండీలు పెట్టకుండా, కుడి అంచు మీదికి ఎడమ అంచు వచ్చేలా కప్పి లోపల పిన్నీసు పెట్టండి. పాత ఓణీ అంచుతో పట్టీ కట్టి, దానికి జడకుచ్చు ఒకటి తగిలించండి. ఒక్క మాట... హన్‌బోక్ వాళ్లకి పండగ బట్ట. కొత్త సంవత్సరం సియోల్లాల్‌కీ, పంటల పండగ చుసోక్‌కీ కట్టుకుంటారు. మన ఓణీని ఎవరైనా వెక్కిరింతగా కడితే మనకెలా ఉంటుందో తెలుసు కదా. ముచ్చటగా కట్టుకోండి, వేళాకోళంగా వద్దు.

ఐదు ఎర్రముక్కలు

మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంది. కిందటేడు కాలేజీ వార్షికోత్సవానికి తనూ, నలుగురు స్నేహితురాళ్లూ కొరియా పాటకి డాన్సు నేర్చుకున్నారు. బట్టలు అద్దెకిచ్చే కొట్లో అడిగితే మనిషికి పదిహేను వందలు, పైన డిపాజిట్టు అన్నారు. మర్నాడే ఒకమ్మాయి 'కాలు బెణికింది, నేను మానేస్తా' అంది. నెల రోజులు అందరికంటే బాగా చేసిన పిల్ల! కాలుకేం కాలేదని రెండు రోజుల్లో తెలిసిపోయింది. వాళ్ల నాన్నది టిఫిన్ బండి. ఇంట్లో అడగలేక, స్నేహితుల ముందు చెప్పలేక కాలు మీదికి నెట్టింది.

మా అపార్ట్‌మెంట్ పిల్ల వచ్చి, 'ఆంటీ, తనకి మేం డబ్బులిస్తే?' అని అడిగింది. వద్దన్నాను. ఒకరు ఇచ్చినట్టు, ఒకరు పుచ్చుకున్నట్టు ఉంటే ఆ డాన్సులో సరదా ఉండదు. దానికి బదులు ఐదుగురూ ఒక నియమం పెట్టుకున్నారు. కొన్నదీ, అద్దెకి తెచ్చిందీ ఎవరూ వేసుకోకూడదు. కింద నలుపు, పైన తెలుపు, ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఎరుపు. నలుపూ తెలుపూ అందరిళ్లల్లోనూ దొరికాయి. మరి ఎరుపు? ఆ టిఫిన్ బండి అమ్మాయే తెచ్చింది. పేరంటాల్లో వాళ్లమ్మకి వచ్చిన జాకెట్టు ముక్కలు, కుట్టించకుండా దాచినవి, ఐదు ఎర్రవి! ఒకటి టై అయింది, ఒకటి తలకట్టు అయింది, ఒకటి నడుముకి, ఒకటి మణికట్టుకి, ఒకటి భుజం మీద ముడి. ఎక్కడా కత్తెర పడలేదు. డాన్సు అయ్యాక ఇస్త్రీ చేసి తిరిగిచ్చేశారు.

గమనించారా, స్టైలిస్టులు చేసేదీ అచ్చం ఇదే. అందరికీ ఒకే సూత్రం, ఒక్కొక్కరికి ఒక్కో తేడా. చూసినవాళ్లకి ఐదుగురూ ఒక బృందంలా కనిపించారు. ఎవరి బట్ట ఎంతదో ఎవరికీ తట్టలేదు. బహుమతి సంగతి అడక్కండి... ఐదుగురూ వేదిక ఎక్కారు, నాకదే పెద్ద బహుమతి.

కత్తెర ఆఖర్న

ఉత్సాహంలో అమ్మ పట్టుచీర మీద కత్తెర వేసేరు! ఇంట్లో ఎవరిది తీసినా ముందు అడగండి. పిన్నీసు, ముడి, మడత, టాకా... ఈ నాలుగింటితో అవని పని ఉంటేనే కత్తెర పట్టండి. అదీ చిరిగినవాటి మీదా, పొట్టయినవాటి మీదా. పొట్టయిన చొక్కాకి చేతులు తీసేస్తే చేతుల్లేని కోటవుతుంది. మోకాలి దగ్గర పోయిన జీన్సుని కత్తిరిస్తే సంచి అవుతుంది.

'పాతవాటితో కుట్టుకుంటే నలుగురూ నవ్వరా?' అనుకుంటున్నారా? 2021 సెప్టెంబరులో బీటీఎస్ ఏడుగురూ న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద ప్రసంగించారు. ప్రపంచంలో ఏ పెద్ద కంపెనీ అయినా వాళ్లకి కొత్త సూట్లు కుట్టి ఇచ్చేది. కానీ ఆ రోజు వాళ్లు వేసుకున్నవి 'రీకోడ్' అనే కొరియా సంస్థవి. అమ్ముడుపోకుండా మిగిలిపోయిన సరుకుని మళ్లీ కొత్త దుస్తులుగా మలచడమే ఆ సంస్థ పని. ఒక్క కాటన్ టీ-షర్టు తయారు కావడానికి సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని పర్యావరణ సంస్థల అంచనా. ఉన్న చొక్కాని ఇంకో రెండేళ్లు వాడితే ఆ నీళ్లకి న్యాయం చేసినట్టే.

ఎండ ఉంది, ఒళ్లు ఉంది

చివరిగా రెండు జాగ్రత్తలు. సియోల్‌లో జనవరి అంటే సున్నా కిందికి దిగే చలి. అక్కడ పొర మీద పొర వేసుకోవడం అవసరం కూడా. విజయవాడ మే నెలలో అదే పని చేస్తే ఆస్పత్రి పాలవుతారు. స్వెటరు వేషాలు డిసెంబరు, జనవరికి దాచుకోండి. ఎండాకాలం పొర కావాలంటే పల్చటి కాటన్ చొక్కాని గుండీలు పెట్టకుండా పైన వేసుకుంటే చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. ఫొటోలో బట్ట వాళ్లకి కుదిరినట్టు మీకు కుదరకపోతే సర్దాల్సింది బట్టని, మీ ఒంటిని కాదు. సన్నబడటానికి చేసిన కటిక డైటింగుల గురించి అక్కడి గాయనీమణుల్లోనే పలువురు తరవాత నోరు విప్పి చెప్పారు. వాళ్ల సోకు తీసుకుందాం, వాళ్ల పస్తులు మనకొద్దు. నడుము గీత రెండంగుళాలు పైకో కిందికో జరిపితే, చొక్కా ఒక సైజు పెద్దది వేస్తే కుదరని ఒళ్లంటూ లేదు.

ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక బీరువాలో బట్టలన్నీ మంచం మీద పరవండి. అమ్మని కూడా కూర్చోబెట్టుకోండి... ఏ చొక్కా ఎప్పటిదో, ఏ పరికిణీ ఏ పండక్కి కుట్టించిందో ఆవిడే చెప్పాలి. నాలుగు ప్రశ్నల కాగితం పక్కన పెట్టుకోండి. సాయంత్రానికి మూడు వేషాలు తేలకపోతే అప్పుడు నాన్నని అడుగుదురుగాని. ఆయన 'వచ్చే నెల' అనేలోగా బట్టలన్నీ మడతపెట్టి లోపల సర్దేయడం మాత్రం మరిచిపోకండేం!